సలసల అంటే సల్సా కాదు!

శీర్షిక: మాట వెనక మాట

పోయిన సంచికలో 'చద్దన్నం' గురించి రాస్తే, "నోరూరించి ఊరుకున్నారు, ఇక్కడ చద్దన్నం ఎక్కడ దొరుకుతుంది?" అని చాలామంది కోప్పడ్డారు. అందుకే ఈసారి తిండి జోలికి పోవడం లేదు. నీళ్ళ గురించి రాస్తున్నాను. మరిగే నీళ్ళ గురించి. ఇది సరదాగా ఎంచుకున్న విషయం కాదు. మా ఇంట్లో ఒక మాట వల్ల, కాదు, ఒక మాట లేకపోవడం వల్ల, ఒక చిన్న ప్రమాదం జరిగింది. అది చెప్పాకే మాట సంగతి.

ఐర్లండ్‌లో పాత ఇళ్ళలో ఉన్నవాళ్ళకి 'ఇమ్మర్షన్' గురించి వేరే చెప్పక్కర్లేదు. వేడినీళ్ళ ట్యాంకుకి ఉండే కరెంటు హీటరు. మన ఊళ్ళో ఇల్లు తాళం వేసి బయల్దేరాక "గ్యాస్ కట్టేశావా?" అని అడిగినట్టు, ఇక్కడివాళ్ళు "ఇమ్మర్షన్ ఆపావా?" అని అడిగి, సగం దారి నుంచి వెనక్కి వస్తారు. డబ్లిన్‌లో మేముండే ఇంట్లో ఒక జనవరి శనివారం పొద్దున్న ఆ ఇమ్మర్షన్ కాస్తా మొరాయించింది.

అప్పుడు మా అమ్మ అమలాపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంది. "దీనికింత కంగారెందుకురా?" అని, సాంబారు కాచే పెద్ద గిన్నెతో నీళ్ళు స్టవ్ మీద పెట్టింది. మా చిన్నాడికి ఏడేళ్ళు. నానమ్మకి సాయం చెయ్యడమంటే మహా సరదా. ఆవిడ బకెట్ తేవడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్ళిన క్షణంలో, వీడు స్టూలెక్కి రెండు చేతులతో గిన్నె చెవులు పట్టుకున్నాడు. అమ్మ గుమ్మంలోంచి చూసి గట్టిగా అరిచింది: "ఒరే కన్నా, సలసలా కాగుతున్నాయిరా!"

వాడు గిన్నెతోపాటు వెనక్కి తిరిగాడు. నీళ్ళు ఒలికి స్టూలు మీదుగా వాడి పాదం మీద పడ్డాయి.

ముందే చెబుతున్నాను, కంగారు పడకండి. గిన్నె వాడి చేతుల్లోంచి సింకులోకి పడింది కాబట్టి ఒలికింది కొంచెమే. కాలుని వెంటనే కుళాయి కింద పెట్టి, చల్లని నీటి ధారలో ఇరవై నిమిషాలు ఉంచాం. (తల్లిదండ్రులూ, ఇది గుర్తు పెట్టుకోండి. కాలిన చోట ఐసుగడ్డలూ, వెన్నా, టూత్‌పేస్టూ రాయకూడదు. పారే చల్లటి నీళ్ళే మందు.) తర్వాత డాక్టరుకి చూపించాం. ఒక బొబ్బ, పది రోజుల కట్టు, అంతే. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ కారులో అడిగాను: "నానమ్మ అరిచింది కదా, వదిలెయ్యొచ్చుగా?" వాడన్న మాట ఇది: "నానమ్మ సల్సా అడుగుతోందనుకున్నా డాడీ. ఫ్రిజ్‌లో ఉందని చెబుదామని తిరిగా."

ముందు సీట్లో మా ఆవిడ నవ్వింది. వెనక సీట్లో మా అమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక నాతో ఒక్క మాట అంది: "నా అరుపు వాడికి వినపడిందిరా. నా మాటే అందలేదు."

తప్పు ఆవిడది కాదు, వాడిదీ కాదు. నాది. వాడికి 'వేడి' తెలుసు, 'నీళ్ళు' తెలుసు, 'వద్దు' బాగా తెలుసు. కానీ మా ఇంట్లో నీళ్ళు ఎప్పుడూ 'సలసలా కాగలేదు'. ఎప్పుడూ 'బాయిల్ అవుతున్నాయి', అంతే. ఆ రాత్రి కూర్చుని ఈ 'సలసల' అనే మాట వెంట పడ్డాను.

నీళ్ళు ఏమంటాయి?

పిల్లలూ, ఒక ఆట ఆడదాం. కింద చెప్పినవన్నీ నీళ్ళే. కానీ ఒక్కోచోట ఒక్కోలా మాట్లాడతాయి.

స్టవ్ మీద బాగా మరిగే నీళ్ళు సలసల. అదే గిన్నెలో బియ్యమో పప్పో పడి చిక్కబడితే కుతకుత. వాగులో రాళ్ళ మీంచి పారితే గలగల. బిందెని చెరువులో ముంచితే లోపలి గాలి బయటికొస్తూ బుడబుడ. ఆకలేసిన పొట్టలో గుడగుడ. ఎండలో ఆడి వచ్చి గ్లాసెత్తితే గటగట. వాన మొదలయ్యేటప్పుడు టపటప. కళ్ళలోంచి కారితే జలజల, నుదుటి మీంచి కారితే బొటబొట.

ఇప్పుడు తమాషా చూడండి. "అన్నం సలసలా ఉడుకుతోంది" అంటే మా అమ్మ తలెత్తి చూస్తుంది. "కుతకుత కదూ?" అంటుంది. పల్చటి నీళ్ళలో బుడగలు తేలిగ్గా పైకొచ్చి పగులుతాయి. చిక్కటి పదార్థంలో ఆవిరి అడుగునే చిక్కుకుని, బలంగా తోసుకుని బయటపడుతుంది. ఈ తేడాని ఫిజిక్సు పుస్తకం ఒక పేరాలో చెబుతుంది, మన వంటింటి తెలుగు ఒక్క మాటలో చెబుతుంది. పూర్వం ఎసరు పెట్టి అన్నం వండిన అమ్మలు, మూత తియ్యకుండా చెవితోనే సంగతి కనిపెట్టేవారు. ఇవాళ ఆ పని రైస్ కుక్కర్ చేస్తోంది. పని పోయింది కాబట్టి మాట కూడా మెల్లగా పోతోంది.

మనసుకి కూడా ఈ మాటలే వాడతాం. అన్యాయం చూస్తే రక్తం సలసలా మరుగుతుంది. పక్కవాడికి ప్రమోషన్ వస్తే కడుపు కుతకుతలాడుతుంది. రెండూ మంటలే, కానీ తేడా గమనించారా? మొదటిది పైకి పొంగే కోపం. రెండోది మూత కింద ఉడికే ఉక్రోషం. ఇంగ్లీషులో రెంటినీ 'బాయిలింగ్' అనేస్తే ఆ మూత ఎగిరిపోయినట్టే.

ఎక్కడి నుంచి వచ్చింది?

నా మొదటి ఊహ ఏమిటంటే, సంస్కృతంలో నీటిని 'సలిలం' అంటారు కదా, సలసల దాన్నుంచే వచ్చి ఉంటుందని. బాగానే ఉంది అనుకుని మా ఆఫీసులో పనిచేసే తమిళ మిత్రుడితో గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి, "మా తమిళంలో కూడా సలసల ఉంది. కానీ మాకది సెలయేటి చప్పుడు. గాలికి ఆకులు కదిలినా సలసలే" అన్నాడు. ఆకుల్లో సలిలం ఎక్కడుంది? నా ఊహ అక్కడికక్కడే ఆవిరైపోయింది. సలసలలో 'నీళ్ళు' అనే అర్థం లేదు. ఉన్నది సడి మాత్రమే.

అంతటితో ఊరుకోకుండా, "మరి మరిగే నీళ్ళని ఏమంటారు?" అని అడిగాను. "తళతళ" అన్నాడు. ఈసారి నవ్వడం నా వంతైంది. మనకి తళతళ అంటే మెరుపు. తోమిన ఇత్తడి బిందె తళతళ, కొత్త కారు తళతళ. వాళ్ళ పొయ్యి మీద నీళ్ళు తళతళ! కన్నడం వాళ్ళ నీళ్ళు కొతకొత మరుగుతాయి, అంటే మన కుతకుతకి అక్కచెల్లెలు. వాళ్ళ సెలయేరు జుళుజుళు. హిందీవాళ్ళ నది కలకల. మనకేమో పక్షులు కూసినా, పదిమంది కూడి సందడి చేసినా కలకల. ఒకే అంగడిలో సరుకు కొనుక్కుని, ఎవరింట్లో వాళ్ళు వేరే డబ్బాల్లో పోసుకున్నట్టు ఉంది కదూ!

ఈ సంగతిని పట్టించుకుని పరిశోధన చేసిన పెద్దాయన ఒకరున్నారు. మరే ఎమెనో. కెనడాలో పుట్టి, అమెరికాలోని బర్కిలీలో పాఠాలు చెప్పారు. ఆక్స్‌ఫర్డ్‌లోని థామస్ బరోతో కలిసి 1961లో ద్రావిడ భాషల మాటల పుట్టుకల నిఘంటువు వెలువరించారు. దానికి 1984లో రెండో కూర్పు వచ్చింది. ఆయన 1969లో ప్రత్యేకంగా ఇలాంటి ధ్వన్యనుకరణ పదాల మీదే ఒక వ్యాసం రాశారు. భారతదేశంలో ద్రావిడ భాషలూ, ఉత్తరాది భాషలూ పుట్టుకలో వేరైనా, వేల ఏళ్ళు పక్కపక్కనే కాపురం ఉండటం వల్ల ఈ జంట మాటల సంపద ఇరుపక్షాలకీ ఉమ్మడి ఆస్తిలా తయారైందని చూపించారు. అందుకని 'సలసల' ఫలానా భాషలో, ఫలానా రోజున పుట్టిందని బర్త్ సర్టిఫికెట్ చూపించలేం. ఇది ఒక పెద్ద ఉమ్మడి కుటుంబంలోని పిల్ల.

ఇంకొక ముచ్చట. మనం "నీళ్ళు సలసలమంటున్నాయి" అంటాం. ఆ చివర ఉన్నది 'అను' అనే క్రియ. అంటే, నీళ్ళు 'సలసల' అని అంటున్నాయన్నమాట! గజ్జెలు ఘల్లుమంటాయి, గుండె ఝల్లుమంటుంది, ఇల్లు బోసిపోయి బావురుమంటుంది. తమిళం, కన్నడం కూడా ఇదే పద్ధతి. మన భాషల్లో వస్తువులు చప్పుడు 'చెయ్యవు', మాట 'అంటాయి'. ఆ రోజు గిన్నెలో నీళ్ళు కూడా మావాడితో ఏదో అంటూనే ఉన్నాయి. వాటి భాష వాడికి ఎవరూ నేర్పలేదు.

సి.పి. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే ఇలాంటి జంట మాటలు బోలెడు కనిపిస్తాయి. కడప, బందరు, రాజమండ్రిలలో ఉద్యోగం చేసిన ఆ ఇంగ్లీషాయన, కావ్యాల్లోని పెద్ద మాటలతోపాటు జనం నోటి మాటలనీ ఓపిగ్గా రాసుకున్నాడు. మరి తెలుగు ఇంట్లో పుట్టిన నేను?

బుడగ పాడే పాట

వృత్తిరీత్యా కంప్యూటర్లవాడిని కాబట్టి ఒక సందేహం వదల్లేదు. ఈ మాటలు నిజంగా చప్పుడుని పోలి ఉంటాయా, లేక అలవాటు వల్ల మనకలా అనిపిస్తాయా?

1933లో, హాలండ్‌లోని ఉట్రెక్ట్‌లో పనిచేసిన మార్సెల్ మినార్ట్ అనే శాస్త్రవేత్త, పారే నీటి సంగీతం మీద ఒక పరిశోధన పత్రం రాశాడు. ఆయన చెప్పిందేమిటంటే, వాగు సడికి అసలు కారణం నీరు కాదు, నీటిలో చిక్కుకున్న గాలి బుడగలు. ఒక్కో బుడగా ఒక్కో చిరుగంటలా మోగుతుంది. బుడగ ఎంత చిన్నదైతే స్వరం అంత హెచ్చు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకి సుమారు 3,000 సార్లు కంపిస్తుంది. సెంటీమీటరుదైతే సుమారు 300 సార్లు. ఇప్పుడు రెండు మాటలూ పైకి అని చూడండి. చిన్న బుడగల వాగుకి 'గలగల' అని తేలికైన మాట. బిందెలోంచి వచ్చే లావు బుడగలకి 'బుడబుడ' అని బరువైన మాట. మినార్ట్ లెక్క తెలియకపోయినా మన వాళ్ళ చెవులు మాత్రం మొద్దువి కావు.

'బుడబుడ' అన్నప్పుడు పెదవులు ఏం చేస్తాయో కూడా గమనించండి. మూసుకుని, టప్పున విడిపోతాయి, బుడగ పగిలినట్టే. తెలుగు బుడగ, సంస్కృత బుద్బుదం, ఇంగ్లీషు బబుల్, మూడూ 'బ'తోనే మొదలు. 1929లో కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక గుండ్రటి బొమ్మా, ఒక కోసుగా ఉన్న బొమ్మా గీసి, అర్థంలేని రెండు పేర్లిచ్చి, ఏది ఎవరి పేరని అడిగాడు. 2001లో మన చెన్నైలో చదువుకున్న వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్‌తో కలిసి 'బూబా', 'కీకీ' అనే పేర్లతో అదే ప్రశ్న వేశారు. నూటికి తొంభై మందికి పైగా గుండ్రటిదే 'బూబా' అన్నారు.

అంటే సగం ప్రకృతి ఇచ్చిందే. కానీ ఆ మిగతా సగం? తళతళ అంటే తమిళ పిల్లాడికి మరిగే నీళ్ళు, తెలుగు పిల్లాడికి మెరిసే బిందె. ఆ సగం నీళ్ళు నేర్పవు. అమ్మలూ, నానమ్మలూ నేర్పాలి. ఎవరూ నేర్పకపోతే మా చిన్నాడిలాగా సూపర్ మార్కెట్‌లో దొరికే సల్సా దగ్గర ఆగిపోతాడు.

ఐర్లండ్ చెప్పే పాఠం

మా వీధిలో కనెమారా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ఐరిష్ ఆయన అమ్మభాష. మావాడి కట్టు చూసి ఏమైందని అడిగితే సల్సా కథ చెప్పాను. ఆయన కాసేపు నవ్వి, "మాకు గ్లుగర్ ఉంది" అన్నారు. సీసాలోంచి నీళ్ళు వంపితే వచ్చే చప్పుడు గ్లుగర్. మురిగిపోయిన గుడ్డుని చెవి దగ్గర ఊపితే లోపల కదిలే చప్పుడు కూడా అదే, అందుకని అలాంటి గుడ్డుని గ్లుగర్ గుడ్డే అంటారట. మావాడికి వెంటనే నచ్చేసింది. బడిలో ఐరిష్ నేర్చుకుంటున్నాడు కాబట్టి మర్నాడే క్లాసులో ప్రయోగించి వచ్చాడు.

స్లైగో కౌంటీలో టబ్బర్‌కరీ అని ఒక ఊరుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా మా పిల్లలు "కర్రీ, కర్రీ" అని గోల చేసేవారు. దాని ఐరిష్ పేరులో 'టొబర్' అంటే బావి, 'కొర్రె' అంటే నీళ్ళు మరిగించే పెద్ద కాగు. కాగు బావి! మన తెలుగులో కూడా 'కాగు' అంటే పెద్ద పాత్ర, 'కాగు' అంటే వేడెక్కడం. ఆ ఊరి బోర్డు ఎన్నోసార్లు చదివాం. అర్థం మాత్రం చెప్పేవాళ్ళుంటేనే తెలిసింది.

2022 జనాభా లెక్కల్లో ఇక్కడ దాదాపు 18 లక్షల 70 వేల మంది తమకు ఐరిష్ వచ్చని చెప్పారు. కానీ బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేల లోపే. బడి ఉంది, పుస్తకం ఉంది, రోడ్డు మీద బోర్డు ఉంది, ప్రభుత్వం అండ ఉంది. వంటింట్లోంచి వెళ్ళిపోయిన మాటని అవన్నీ కలిసి కూడా వెనక్కి తేలేక తంటాలు పడుతున్నాయి. మనకేం, 2011 లెక్కల ప్రకారం భారతదేశంలోనే 8 కోట్లకి పైగా తెలుగువాళ్ళున్నాం, తెలుగుకి ఢోకా లేదు అని ధైర్యం చెప్పుకోవచ్చు. నిజమే, తెలుగుకి లేదు. కానీ 8 కోట్ల మంది మాట్లాడే భాష నా ఇంట్లో ఒక్క తరంలో ఆరిపోవడానికి ఎవరి అడ్డూ లేదు. భాష దేశంలో బతికున్నా ఇంట్లో చచ్చిపోవచ్చు.

మొన్నటి ఆదివారం

అమ్మ అమలాపురం వెళ్ళిపోయింది. ఆదివారం వీడియో కాల్‌లో మావాడు ఒక ప్రదర్శన పెట్టాడు. నేను టీకి నీళ్ళు పెట్టాను. వాడు దూరంగా నిలబడి (ఇప్పుడు ఆ సంగతి బాగా తెలుసు!) ఫోను చేత్తో ముందుకి చాపి, "నానమ్మా, విను. ఇదేనా సలసల?" అన్నాడు.

"ఏమీ వినపళ్ళేదురా" అంది అమ్మ.

వాడు ఒకడుగు ముందుకి వేశాడు. "ఇప్పుడు?"

"ఊహుఁ. నువ్వు మాట్లాడేది తప్ప ఏమీ రావట్లేదు."

నాకు విషయం వెంటనే తెలిసిపోయింది. కాల్‌లో మనిషి గొంతు స్పష్టంగా వినపడాలని, వెనక వచ్చే ఫ్యాను రొద, ట్రాఫిక్ హోరు లాంటివాటిని సాఫ్ట్‌వేర్ ఏరి పారేస్తుంది. మరిగే నీళ్ళు కూడా దాని లెక్కలో పనికిరాని రొదే. నా వృత్తి చేసిన ఘనకార్యం! సెట్టింగులు వెతుకుదామని ఫోను అడిగేలోపు మావాడే గిన్నె వైపు చెవి పెట్టి విని, ఫోనుకేసి తిరిగి, రెండు బుగ్గలూ కదిలేలా అన్నాడు: "సలసలసలసల!"

"ఆఁ, అదేరా కన్నా! ఇప్పుడు టీపొడి వెయ్యమను" అంది అమ్మ, అయిదు వేల మైళ్ళ అవతల నుంచి.

చప్పుడు దాటలేదు. మాట దాటింది.

పిల్లలూ, ఈసారి మీకో పని. పెద్దవాళ్ళని పక్కన ఉంచుకుని, ఎలక్ట్రిక్ కెటిల్ ఆన్ చేసి, దూరంగా కూర్చుని వినండి. పూర్తిగా మరిగేముందే రొద ఎక్కువగా ఉండి, మరిగాక తగ్గుతుంది. ఎందుకంటే మొదట అడుగున పుట్టిన ఆవిరి బుడగలు, పైనున్న చల్లటి నీళ్ళలోకి రాగానే చితికిపోతాయి. ఆ చితికే చప్పుడే ఆ రొద. నీళ్ళన్నీ వేడెక్కాక బుడగలు పైదాకా వచ్చి మెత్తగా పగులుతాయి. ఆ మొదటి రొదకి మీ ఇంట్లో ఏ తెలుగు మాట వాడతారు? అమ్మమ్మకో, తాతయ్యకో ఫోను చేసి అడగండి. ఊరికో మాట, ఇంటికో మాట రావచ్చు. వచ్చినవన్నీ మీ పేరు, వయసు రాసి సంఘం చిరునామాకి పంపండి. వచ్చే సంచికలో అచ్చువేద్దాం.

పెద్దలకి మాత్రం ఒకటే మనవి. ఈ సాయంత్రం టీ పెట్టేటప్పుడు 'బాయిల్ అవుతోంది' అనకండి. పిల్లలు పక్కన ఉన్నప్పుడు, పైకి, గట్టిగా, "సలసలా కాగుతున్నాయి, దూరంగా ఉండు" అనండి.

మళ్ళీ వచ్చే సంచికలో ఇంకో మాటతో కలుద్దాం. అంతవరకూ సెలవు.